కోతమేస్త్రి ఇంజన్

“కారణం కళ్ళెదురుగా కనిపిస్తుంటే ఇంకా ఏం వెతుకుతావయ్యా?” అంటూ ఇన్‌స్పెక్టర్ షెడ్డు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

డిటెక్టివ్ ఆయన భుజం మీదుగా లోపలికి చూశాడు. రేకుల కప్పు సగం కూలి వేలాడుతోంది. మధ్యలో, రెండు చక్రాల బండి మీద బిగించిన కోతమిషను నల్లగా కమిలిపోయి నిలబడి ఉంది. టైర్లు కాలిపోయి చక్రాలు బూడిదలో దిగబడ్డాయి. ఇంజన్ మాత్రం ఆకారం చెడకుండా మిగిలింది.

ఆ మిషను యజమానిని ఊళ్ళో అందరూ కోతమేస్త్రి అనేవారు. చెట్టు ఎక్కడ కొడితే అక్కడికే మిషను లాక్కెళ్ళి, దుంగలు పలకలుగా కోసిచ్చి వచ్చేవాడు. మొన్న సాయంత్రం ఈ షెడ్డు తగలబడింది. మంటలు ఆర్పాక మిషను పక్కన ఒక శవం బోర్లా పడి ఉంది. మొహం గుర్తుపట్టే స్థితిలో లేదు. చేతికున్న గడియారం చూసి అది మేస్త్రి శవమే అన్నారు.

“ఇంజన్ నిండా రంపంపొట్టు. గాలి ఆడక వేడెక్కింది, పొట్టు అంటుకుంది, పెట్రోలు ట్యాంకు పేలింది. ముసలాయన పరిగెత్తలేకపోయాడు. రిపోర్టు పైకి పంపేశాను కూడా” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“పంపితే పంపావు. ఒకసారి చూడనివ్వు.”

“ఉద్యోగం మానేసి వెళ్ళినా నీకు ఈ జబ్బు వదల్లేదు.”

ఇద్దరూ ఒకప్పుడు ఒకే బ్యాచిలో పోలీసు ఉద్యోగంలో చేరారు. డిటెక్టివ్ మధ్యలో మానేసి సొంతంగా పరిశోధనలు మొదలుపెట్టాడు. ఇన్‌స్పెక్టర్ మూసేసిన కేసులు రెండు డిటెక్టివ్ చేతిలో మళ్ళీ తెరుచుకున్నాయి. ఆ మంట ఇన్‌స్పెక్టర్‌కి ఇంకా చల్లారలేదు.

డిటెక్టివ్ వెనక నిలబడ్డ ఆవిడ అప్పుడు మాట్లాడింది. ఆవిడ మేస్త్రి భార్య. డిటెక్టివ్‌ను పిలిపించిందీ ఆవిడే. “నన్ను ఆ కట్టిన తాడు దాటి లోపలికి రానివ్వలేదు బాబూ మీ వాళ్ళు. మా ఆయన పోయిన చోటు నేను చూసుకోవద్దా?”

ఇన్‌స్పెక్టర్‌కి మొహం చెల్లలేదు. పక్కకి జరిగాడు. “చూసుకోండి. ఏదీ బయటికి తీసుకెళ్ళకూడదు.”

డిటెక్టివ్ వెంటనే లోపలికి వెళ్ళలేదు. షెడ్డు బయట దుంగ మీద ఆవిణ్ణి కూర్చోబెట్టి, తను ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

“అక్కా, ఒక్క మాట అడుగుతాను. మేస్త్రి ఇంజన్‌ని బాగా చూసుకునేవాడని నువ్వంటున్నావు. పొట్టు పేరుకుపోయిందని వాళ్ళంటున్నారు. రెండూ నిజం కాలేవు కదా?”

ఆవిడ చీర కొంగు వేలికి చుట్టుకుంది.

“మా అమ్మాయి బడికి వెళ్ళడం మొదలుపెట్టిన ఏడాది కొన్నాం తమ్ముడూ ఆ మిషను. ఇప్పుడు అమ్మాయికి ఉద్యోగం కూడా వచ్చింది. ఇన్నేళ్ళూ మిషను ఒక్కసారి కూడా పని మధ్యలో ఆగింది లేదు. పొద్దున స్టార్ట్ చేసి కాసేపు ఖాళీగా తిప్పందే దుంగ పెట్టేవాడు కాదు. ఇంజన్ ఒళ్ళు విరుచుకోవాలి అనేవాడు. సాయంత్రం పనయ్యాక కూడా అంతే. టక్కున ఆపెయ్యడు. ఊపిరి తీసుకోనిచ్చి ఆపేవాడు. ఆ తర్వాత ఫిల్టర్ దులపడం, రేకల మధ్య పొట్టు కుంచెతో తీయడం, ఆయిల్ చూడటం. అన్నం చల్లారినా సరే, అది అయ్యాకే ఇంట్లోకి వచ్చేవాడు.”

“మొన్న కూడా తీశాడా?”

ఆవిడ తల వంచుకుంది.

“ఆయన తీసి చాలా రోజులైంది తమ్ముడూ. చేతులు వణుకుడు పట్టుకున్నాయి. స్పానర్ పట్టుకుంటే జారిపోయేది. పదిమందికీ తెలిస్తే పని ఇవ్వరని ఎవరికీ చెప్పొద్దన్నాడు. పక్కన కూర్చుని ఆయన చెబుతుంటే నేనే చేసేదాన్ని. ఆయిల్ మార్చడం, బ్లేడు బిగించడం, అన్నీ నేనే.” ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు. “మొన్న మా చెల్లెలు ఆస్పత్రిలో ఉందంటే వెళ్ళాను. ఒక్క సాయంత్రమే కదా, వచ్చి తీద్దాంలే అనుకున్నాను. పొట్టు వల్లే నిప్పంటుకుందని వీళ్ళంటే... మరి అది నేను తీయనిదే కదా? నిజం తేల్చమని నిన్ను పిలిచింది ఆయన పరువు కోసమే అనుకుంటున్నావేమో. నేను చంపుకున్నానో లేదో తెలియాలి నాకు.”

డిటెక్టివ్ ఓదార్పు మాటలు చెప్పలేదు. తనకే తెలియని సంగతి గురించి ధైర్యం చెప్పడం ఆయనకి చేతకాదు. “రా అక్కా, చూద్దాం” అని లేచాడు.

డిటెక్టివ్ తండ్రికి ఇంజన్లు బాగుచేసే కొట్టు ఉండేది. చిన్నప్పుడు బడి లేని రోజుల్లో కిరసనాయిల్లో సామాన్లు కడగడమే ఆయన ఆట. పనిముట్ల సంచి విప్పి ఇంజన్ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. సిలిండర్ చుట్టూ గాలికి చల్లబడటానికి ఉండే ఇనుపరేకల మధ్య పొట్టు మాడి బొగ్గయి అతుక్కుని ఉంది.

“చూశావా?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“చూశాను.” స్క్రూడ్రైవర్‌తో గీకితే అట్టలు అట్టలుగా రాలింది. పైన పొడిగా ఉంది కానీ, అడుగున ఆయిల్‌తో కలిసి తారులా గట్టిపడి ఉంది. తర్వాత అడుగు బోల్టు విప్పి ఆయిల్ చూశాడు. చిక్కగా, నల్లగా కారింది.

“చెల్లెలి దగ్గరికి వెళ్ళే ముందే మార్చాను తమ్ముడూ, తేనెరంగులో ఉండాలి” అంది ఆవిడ.

“మంటకి ఆయిల్ నల్లబడదా?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“నల్లబడుతుంది. నువ్వన్నది నిజమే. దీన్ని లెక్కలోకి తీసుకోను” అని డిటెక్టివ్ ఒప్పుకున్నాడు. ఆవిడ మొహం వాడిపోయింది.

ఆయన స్పార్క్ ప్లగ్గుకి స్పానర్ తగిలించాడు. వెంటనే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. “మెల్లగా విప్పు. గట్టిగా తిప్పితే ప్లగ్గుతో పాటు బుష్ కూడా ఊడొస్తుంది.”

“ఏం బుష్?”

“మా ఇంజన్ చూసే మెకానిక్ ఒకసారి ప్లగ్గు వంకరగా ఎక్కించి మర చెడగొట్టాడు. తర్వాత ఆ రంధ్రంలో ఇత్తడి గొట్టంముక్క, అదే బుష్, చేసి వేశాడులే. అన్నేళ్ళు కాపాడుకున్న ఇంజన్ని పాడుచేశాడని ఈయన ఎన్నాళ్ళో అతనితో మాట్లాడలేదు.”

డిటెక్టివ్ ప్లగ్గు విప్పి తీశాడు. రంధ్రంలోకి టార్చి వేసి చూశాడు. గుడ్డతో మసి తుడిచి మళ్ళీ చూశాడు. ఆ తర్వాత టార్చి ఆవిడ చేతికిచ్చి జరిగాడు.

ఆవిడ వంగి చూసింది. “బుష్ ఏదీ?”

“లేదక్కా. ఎప్పుడూ వెయ్యలేదు. మర కంపెనీలో కోసినట్టే ఉంది.”

“మంటకి కరిగిపోయి ఉంటుంది” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“చుట్టూ ఉన్న అల్యూమినియం నిక్షేపంలా ఉంది. అది కరగని వేడికి ఇత్తడి కరుగుతుందా? కరిగినా, ఇంత చక్కటి మర మళ్ళీ ఎవరు కోశారు?”

డిటెక్టివ్ హెడ్ బోల్టులకు ఆయిల్ పోసి, సుత్తితో తట్టి ఒక్కొక్కటీ విప్పాడు. హెడ్ లేచింది. సిలిండర్ లోపలి గోడ మీద నిలువుగా గీతలు కనిపించాయి. అంచు కింద పిస్టన్ ఆగే చోట చిన్న మెట్టు ఏర్పడింది. “గోరు పెట్టి చూడు” అన్నాడు ఇన్‌స్పెక్టర్‌తో.

ఆయన అయిష్టంగానే వంగి గోరు పెట్టాడు. తట్టుకుంది.

“ఫిల్టర్ లేకుండా దుమ్ము మింగుతూ తిరిగితే సిలిండర్ ఇలా అరుగుతుంది. ఒక్క సాయంత్రం పొట్టు తీయకపోతే వచ్చే అరుగుదల కాదిది. ఏళ్ళ తరబడి దీన్ని ఎవరూ పట్టించుకోలేదు.” డిటెక్టివ్ లేచి చేతులు తుడుచుకున్నాడు. “అక్కా, నువ్వు తీయని పొట్టు వల్ల ఎవరూ చచ్చిపోలేదు. ఇది మీ ఇంజనే కాదు. బహుశా ఈ మిషనే మీది కాదు.”

ఆవిడ టార్చి పట్టుకుని అలాగే నిలబడింది. కాసేపటికి బండి చట్రం దగ్గరికి వెళ్ళి, బూడిద తుడిచి, ఇనుప కమ్మీ మీద చేత్తో తడిమింది. అటు చివర నుంచి ఇటు చివరకు తడుముతూ వచ్చింది. “మా దానికి ఇక్కడ వెల్డింగు ఉండాలి” అంది. కమ్మీ నున్నగా ఉంది. ఆవిడ డిటెక్టివ్ వైపు తిరిగింది. “మిషను మాది కాకపోతే... మనిషి కూడా...”

“అంత దూరం ఇప్పుడే వెళ్ళొద్దు” అన్నాడు డిటెక్టివ్. కానీ ఆ ఆలోచన ఆవిడ కంటే ముందే ఆయన మనసులో మెదిలింది. ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాడు. “మేస్త్రి ఇంజన్‌ని పట్టించుకునేవాడు కాదని నీకు ఎవరు చెప్పారు?”

“మెకానిక్” అన్నాడు ఇన్‌స్పెక్టర్. గొంతులో ఇంతకుముందున్న బిగువు లేదు.

మెకానిక్ కొట్టు పక్క వీధిలోనే ఉంది. ముగ్గురూ వెళ్ళేసరికి లేతు మిషను దగ్గర ఏదో పని చేసుకుంటున్నాడు. సన్నటి మనిషి, మెడ దాకా గ్రీజు. ఇన్‌స్పెక్టర్‌ను చూసి నమస్కారం పెట్టాడు. ఆవిణ్ణి చూసి చూపు తిప్పుకున్నాడు.

“మన కోతమేస్త్రి గురించి మరోసారి చెప్పు” అన్నాడు డిటెక్టివ్, ఒక పెట్టె మీద తీరిగ్గా కూర్చుంటూ.

“చెప్పేదేముంది సార్. ఫిల్టర్ కడుక్కో, పొట్టు దులుపుకో అని ఎన్నిసార్లు చెప్పానో. విన్నాడు కాదు. మంచి మనిషే, కానీ మొండి.”

ఆవిడ ఏదో అనబోయింది. డిటెక్టివ్ కనుసైగతో ఆపాడు.

“నువ్వు హెడ్ విప్పినప్పుడు సిలిండర్ బోరు ఎలా ఉంది?”

“అరిగిపోయింది సార్. మెట్టు పడిపోయింది.”

“మరి మళ్ళీ కొత్తగా బోరు చేయించమని చెప్పలేదా?”

“చెప్పాను. వద్దన్నాడు.”

“పోనీలే. ఆయన మొండితనం సంగతి ఎలా ఉన్నా, నీ పనితనం మాత్రం మెచ్చుకోవాలి” అన్నాడు డిటెక్టివ్ మెత్తగా. “ఇప్పుడే ప్లగ్గు విప్పి చూసొచ్చాం. షెడ్డంతా తగలబడినా, ఇంజన్‌కి నువ్వు వేసిన ఇత్తడి బుష్ చెక్కుచెదరలేదు.”

“దానికి బుష్ ఎక్కడిది సార్, బుష్ వేసింది మేస్త్రి ఇంజ...”

మాట సగంలో ఆగిపోయింది. లేతు ఒక్కటే తిరుగుతోంది. ఇన్‌స్పెక్టర్ చెయ్యి చాపి స్విచ్చి కట్టేశాడు.

“చెప్పు. కాలిన ఇంజన్ మేస్త్రిది కాదా?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

మెకానిక్ లేతు వదిలి వెనక్కి జరిగాడు. “అంటే సార్... గుర్తు సరిగ్గా లేక...”

“నా చేత తప్పుడు రిపోర్టు రాయించావు” అని ఇన్‌స్పెక్టర్ ఒక్కడుగు ముందుకు వేశాడు. గొంతు పెంచలేదు. మెకానిక్ గోడకి అంటుకుపోయాడు.

“నాకు మనిషి సంగతి తెలీదు సార్. ఒట్టు. కర్రల వ్యాపారం చేసే ఒకాయన వచ్చాడు, నల్లకళ్ళద్దాలు పెట్టుకుంటాడు. పేరు చెప్పలేదు. మేస్త్రి దగ్గరున్నలాంటి మిషనే పాతది కావాలన్నాడు. నా దగ్గర ఒకటి ఏళ్ళుగా మూల పడి ఉంది, ఇటుకబట్టీ వాళ్ళది. దుమ్ములో పడేసి తిప్పి తిప్పి పాడుచేశారు. దాన్ని లారీలో మేస్త్రి షెడ్డుకి తీసుకెళ్ళి దించాం. మేస్త్రి మిషను ఎక్కించుకున్నారు. పాతదాన్ని తగలబెట్టి బీమా డబ్బు తీసుకుంటారు కాబోలు అనుకున్నాను. పోలీసులు అడిగితే మేస్త్రి ఇంజన్ని సరిగా చూసుకోడని చెప్పమన్నాడు. అంతే సార్. శవం దొరికిందని విన్నాక నోరు తెరవడానికి భయమేసింది.”

“మేస్త్రి అప్పుడు ఎక్కడున్నాడు?” అన్నాడు డిటెక్టివ్.

“లారీ ముందు సీట్లో. ఇద్దరి మధ్య కూర్చోబెట్టారు. నేను పలకరిస్తే తల తిప్పలేదు.”

ఆవిడ అతని దగ్గరగా వచ్చింది. “నడిచి ఎక్కాడా? తన కాళ్ళ మీద తనే ఎక్కాడా?”

“ఎక్కాడమ్మా. లారీ వెళ్ళేదాకా చూశాను.”

“అంటే బతికే ఉన్నాడు” అని ఆవిడ కొట్టు తలుపు పట్టుకుంది. మొన్నటి నుంచి బిగబట్టిన ఏడుపు ఒక్కసారిగా బయటపడింది. డిటెక్టివ్ స్టూలు జరిపి కూర్చోబెట్టాడు. తెరిపిన పడ్డాక ఆవిడే చెప్పింది. “ఆ కళ్ళద్దాలాయన మా ఇంటికీ వచ్చాడు తమ్ముడూ. అడవిలో కోత ఉందన్నాడు. దొంగకలప నేను కొయ్యనని ఈయన పంపేశాడు. మళ్ళీ వచ్చినప్పుడు మా అమ్మాయి ఎక్కడ పనిచేస్తుందో చెప్పి వెళ్ళాడట, నిన్ననే పక్కింటివాళ్ళు చెప్పారు. ఈయన ఆ రోజంతా అన్నం ముట్టలేదు. ఒంట్లో బాగాలేదనుకున్నాను. ఎందుకని గట్టిగా అడగలేదు.”

“అందుకే వెళ్ళాడు” అన్నాడు డిటెక్టివ్. “అడవిలో లారీకి ఎక్కనంత పెద్ద దుంగలు నరికి ఉంటారు. అక్కడే పలకలు కోస్తే తప్ప బయటికి రావు. దానికి మేస్త్రి కావాలి, మధ్యలో ఆగిపోని ఇంజన్ కావాలి. చచ్చిపోయినవాణ్ణి ఎవరూ వెతకరు కాబట్టి ఇక్కడ మంట పెట్టారు.”

“మరి ఆ శవం ఎవరిది?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“అది నువ్వు రిపోర్టు పంపేముందు అడగాల్సిన ప్రశ్న.”

ఇన్‌స్పెక్టర్ మొహం ఎర్రబడింది. అయినా ఫోన్ తీసి శవపరీక్ష చేసే డాక్టర్‌కి కలిపాడు. “శవాన్ని అప్పగించారా?... ఆపండి. ఒంటి మీద ఇంకేమైనా గుర్తులున్నాయేమో చూశారా?” అందరికీ వినపడేలా స్పీకర్ నొక్కాడు.

“మీకే చేద్దామనుకుంటున్నాను” అంది డాక్టర్ గొంతు. “ఊపిరితిత్తుల్లో పొగ లేదు. మంట అంటుకోకముందే చనిపోయాడు. తల వెనక దెబ్బ ఉంది. పైగా మీరు పెద్దాయన అన్నారు, ఎముకలు చూస్తే వయసులో ఉన్న మనిషే. కాలర్ ఎముక విరిగితే లోపల స్టీలు ప్లేటు వేశారు. మేస్త్రికి ఆపరేషన్ ఏమైనా అయిందేమో వాళ్ళావిణ్ణి కనుక్కోండి.”

“లేదు. ఆయనకి ఎముక విరగడమన్నదే లేదు” అంది ఆవిడ.

ఇన్‌స్పెక్టర్ మాత్రం ఆవిడ మాట వింటున్నట్టు లేడు. ఫోన్ నోటికి దగ్గరగా పెట్టుకున్నాడు.

“ఏ వైపు డాక్టర్ గారూ?”

“ఎడమ.”

“ప్లేటుకి... చివర ఒక మేకు వంకరగా ఉందా?”

“ఉంది. మీకెలా తెలుసు?”

ఇన్‌స్పెక్టర్ ఫోన్ ఆపలేదు. చేతిలోంచి జారి లేతు కింద ఇనుప పొట్టులో పడింది. ఆయన వెనక్కి తడుముకుంటూ పెట్టె మీద కూర్చున్నాడు. డిటెక్టివ్ ఫోన్ తీసి కట్టేశాడు.

“ఎవరు?” అన్నాడు మెల్లగా.

“మా తమ్ముడు.” ఇన్‌స్పెక్టర్ చెయ్యి తన ఎడమ భుజం మీదికి వెళ్ళింది. “అడవిలో గార్డు. బైకు మీంచి పడితే ప్లేటు వేశారు. ఎక్స్‌రే చూసి, ఆ మేకు వంకరగా కొట్టారేంట్రా అని నేనే వాణ్ణి ఆటపట్టించాను. పొద్దున మరదలు ఫోన్ చేసింది. మూడు రోజులుగా ఫోన్ ఎత్తట్లేదు బావగారూ అంది. అడవిలో సిగ్నల్ ఉండదులేమ్మా, కంగారు పడకు అన్నాను. రిపోర్టు మీద సంతకం పెడుతూనే అన్నాను.”

గెలిచానన్న తృప్తి డిటెక్టివ్ మొహంలో ఎక్కడా లేదు. ఇందాక అన్న మాట వెనక్కి తీసుకోవాలనిపించింది, కానీ దారి లేదు. దొంగకోతకి అడ్డం వచ్చిన గార్డుని చంపి, అతని శవానికే మేస్త్రి గడియారం తొడిగారు. ఒక్క మంటతో ఇద్దరినీ మాయం చేశారు. ఆ సంగతి ఇన్‌స్పెక్టర్‌కి విడమరిచి చెప్పక్కర్లేదు.

మేస్త్రి భార్య లేచి మూలనున్న బిందెలోంచి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. రెండు రోజులుగా తనని తాడు దాటనివ్వని మనిషికి అందించింది. ఆయన గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగలేదు.

“తాగు నాయనా” అంది ఆవిడ. “మా ఆయనే పోయాడనుకుని నేను ఏడుస్తుంటే ఆ బిడ్డ ఒంటరిగా పడున్నాడు. తీసుకొచ్చుకో. ముందు నీళ్ళు తాగు.”

ఇదంతా గోడకి ఆనుకుని చూస్తున్న మెకానిక్ ముందుకు వచ్చాడు. “సార్, ఇంకొకటి చెప్పలేదు. కళ్ళద్దాలాయన పొద్దున ఫోన్ చేశాడు.”

డిటెక్టివ్ చటుక్కున తిరిగాడు. “ఏమన్నాడు?”

“కోత ఇవాళ్టితో అయిపోతుందన్నాడు. సాయంత్రానికల్లా మేస్త్రి మిషను ఇక్కడికి పంపిస్తానన్నాడు. ఇంజన్ విప్పేసి, చట్రం ముక్కలుగా కోసి పాత ఇనుము కింద వేసెయ్యమన్నాడు. ఒక్క బోల్టు కూడా మిగలకూడదన్నాడు.”

ఇన్‌స్పెక్టర్ గ్లాసు కింద పెట్టి లేచాడు. వీధిలో ఎండ అప్పటికే వాలుతోంది.

మేస్త్రి భార్య మెకానిక్ ఎదురుగా వెళ్ళి నిలబడింది. “మిషను పంపిస్తానన్నాడు, సరే. మా ఆయన్ని ఏం చేస్తానన్నాడు?”

“మేస్త్రిని వెనక్కి పంపిస్తానన్న మాట మాత్రం అనలేదమ్మా” అన్నాడు మెకానిక్ నేల చూస్తూ.